అన్నంపక్షి కంట్లో ఖాళీ గడి

సింధూ, పోయిన ఆదివారం ఫోన్లో నీకు అబద్ధం చెప్పాను. "అవ్వా, నీ వ్యాసం మాకు పాఠంగా పెట్టారు, మా మేడమ్ నిన్ను ఆన్‌లైన్లో క్లాసుకు పిలవమంటోంది" అని నువ్వు సంబరపడుతుంటే, గొంతు బాగాలేదన్నాను. గొంతుకేమీ కాలేదు. ఆ వ్యాసం మీద పొగడ్త వినే ముఖం నాకు లేదు, అంతే.

నువ్వు ఈ చదువు కాగానే ఢిల్లీలో గ్యాలరీ ఉద్యోగంలో చేరబోతున్నావు. మీ పిన్ని కొడుకు చరణ్ బరోడాలో కళాచరిత్ర చదువుతున్నాడు. ఇద్దరూ నేను దిగిపోయిన బండే ఎక్కుతున్నారు. అందుకని రాస్తున్నాను. ఎక్కడెక్కడ తిరిగానో, ఎవరెవరు శాలువాలు కప్పారో మీ అమ్మలు చెప్తారు. వాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది.

మా పని ఏమిటంటే

బెంగళూరులో కాలేజీ పిల్లలకు కళాచరిత్ర చెప్పడం నా ఉద్యోగం. నన్ను నలుగురికీ తెలిసేలా చేసింది మాత్రం రాత. బొమ్మ పక్కన గోడకు అంటించే చిన్న అట్టమీద నాలుగు వాక్యాలు, కేటలాగులో పది పేజీలు, సెమినార్లో ఇరవై నిమిషాల ప్రసంగం. బొమ్మ చేసేది ఒకరు. దానికి అర్థం ఇదీ అని చెప్పేది నాలాంటి వాళ్ళు. చూడవచ్చినవాళ్ళు బొమ్మను ఒక్క క్షణం చూసి, మా అట్టను రెండు నిమిషాలు చదువుతారు. ఎన్నోసార్లు దూరంగా నిలబడి గమనించాను. ఆ రెండు నిమిషాల్లో మనం ఏది చెప్తే అదే వాళ్ళతో పాటు ఇంటికి పోతుంది. ఇది చాలా పెద్ద అధికారం. ఎవరూ మనల్ని నిలదీయరు కాబట్టి అధికారమని మనకే తెలియదు.

సిద్ధాంతాన్ని నేను తిట్టను. అది నాకు అన్నం పెట్టింది, అంతకన్నా ఎక్కువగా ధైర్యమిచ్చింది. నేను చేరిన కొత్తలో మా డిపార్ట్‌మెంట్ పెద్దాయన మూర్తి సార్ నన్ను ఏ ఊరని అడిగారు. పెనుకొండ అన్నాను. "ఓహో, రైలు ఆగుతుందా అక్కడ?" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత కొన్నేళ్ళకు కొత్త పుస్తకాలు వచ్చాయి. కేంద్రం అనేది ఎవరో గీసిన గీత, మారుమూల నుంచి చూస్తే లోకం ఇంకోలా కనిపిస్తుంది, పారిస్‌లో పుట్టిందే కళ కాదు అని అవి చెప్పాయి. చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. నాలాంటి దానికి కూడా నోరు తెరిచే హక్కుందని మొదటిసారి అనిపించింది.

ఆ హక్కును నేను విజిటింగ్ కార్డుగా చేసుకున్నాను. ఎక్కడ మాట్లాడినా మొదటి వాక్యం ఒకటే: "నేను ఒక మారుమూల నుంచి వచ్చాను." శిథిలమైన కోట, ఎండిన నేల, లోకం మరిచిపోయిన ఊరు అని చెప్పేదాన్ని. ఒకసారి ఆ ప్రసంగం వీడియో చూసి మా తమ్ముడు ఫోన్ చేశాడు.

"ఏమక్కా, మనూరు మారుమూలా? హైవే మీదుండాది కదా! బెంగళూరు బస్సులు దుమ్ము లేపుకుంటా పోతాంటే రోడ్డు దాటేకే కాదు. కార్ల ఫ్యాక్టరీ వచ్చినాక కొరియా అక్షరాలతో హోటల్ బోర్డులు పెట్టినారు. నువ్వు యా పెనుకొండ గురించి చెప్తాండావు?"

"అది వేరే అర్థంలో లేరా" అన్నాను.

"ఏ అర్థమో ఏమో. టీ కొట్టు ఎంకటేసు ఇన్నాడంటే నిన్ను ఊర్లోకి రానీడు."

నవ్వేసి ఫోన్ పెట్టేశాను. ఆ పొద్దే కొంచెం ఆలోచించి ఉంటే బాగుండేది.

అడగకుండా రాసిన వ్యాసం

ధర్మవరంలో పట్టుచీర మగ్గం మీదికి ఎక్కకముందు, దాని అంచునూ కొంగునూ గ్రాఫు కాగితం మీద గీస్తారు. ఒక్కో గడి ఒక్కో పోగుకు లెక్క. ఎర్రరంగుతో నింపిన చోట జరీ పైకి తేలుతుంది, ఖాళీ వదిలిన చోట లోపలికి పోతుంది. ఆ కాగితాన్ని చూసే అట్టలకు చిల్లులు కొడతారు, ఆ అట్టలే మగ్గాన్ని నడిపిస్తాయి. చీర మీద నేసినవాళ్ళ పేరే ఉండదు. గీసినవాళ్ళ పేరు ఎవరు అడుగుతారు?

ఒక పాత మగ్గాల ఇంట్లో నాకు అలాంటి కాగితాలు నాలుగు దొరికాయి. అంచు నిండా అన్నంపక్షుల వరస. హంసలాంటి పక్షిని మా వైపు చీరల్లో అట్లాగే అంటారు. ఒక్కో పక్షి తలలో ఒక్క ఎర్ర గడి, అదే కన్ను. నాలుగు పక్షుల్లో ఒకదానికి మాత్రం ఆ గడి ఖాళీ. తర్వాత నాలుగింటిలోనూ అంతే. పొరపాటు కాదని చూడగానే అర్థమైంది.

గీసినవాళ్ళు ఎవరో ఆ ఇంటివాళ్ళను అడిగి ఉండొచ్చు. రెండు వీధుల అవతలే ఉన్నాడని చెప్పేవాళ్ళు. నేను అడగలేదు. అప్పుడు మేముంటున్న హిందూపురం ఇంటికొచ్చి మూడు రోజుల్లో వ్యాసం రాశాను. లోకం ఈ ప్రాంతాన్ని చూస్తుంది కానీ ఈ ప్రాంతం తిరిగి లోకాన్ని చూడలేదు, ఆ కన్నులేని పక్షి మారుమూల తన గుడ్డితనాన్ని తానే నేసుకున్న గుర్తు, అని రాశాను. చేసినవాడి పేరు లేకపోవడమే దాని బలమని కూడా రాశాను. "జనం ఎత్తుకుపోయే వాక్యం ఒక్కటి రాయమ్మా, మిగతా పేజీలు ఎవరూ చదవరు" అని మూర్తి సార్ అనేవారు. చూపులేని పక్షి అన్న మాటను జనం నిజంగానే ఎత్తుకుపోయారు.

మా వృత్తిలో ఉన్న జబ్బు ఇదే పిల్లలూ. వస్తువును చూస్తాం, మనిషిని అడగం. అడిగితే మన చదువుకు పనేముంది అని లోపల ఎక్కడో భయం.

దస్తగిరన్న

ఏడాది తర్వాత ఆ వ్యాసం మీదే బెంగళూరులో పెద్ద ప్రదర్శన తలపెట్టారు. మరిన్ని కాగితాలు కావాలన్నారు. అప్పుడు వెతుక్కుంటూ పోతే దొరికాడు దస్తగిరన్న. అరవై దాటిన సన్నటి మనిషి. కిటికీ పక్కన వాలుబల్ల, ఎర్రరంగు సీసా, మూడు వెంట్రుకల కుంచె. కూతురు నూర్జహాన్ అప్పుడే కంప్యూటర్ మీద డిజైన్ నేర్చుకుంటోంది. ఆ అమ్మాయి టీ ఇచ్చింది. నేను నా వ్యాసం సంగతి వీలైనంత సులువుగా చెప్పాను.

ఆయన విని పకపకా నవ్వాడు.

"ఏమ్మా, దానికి చూపు ల్యాదని రాసినావా? పాపం!"

"మరి ఎందుకు వదిలేశారు దస్తగిరన్నా?"

"మా నాయన నేర్పినాడు. ప్రాణం ఉండేదాన్ని గీస్తాండావు, ప్రాణం పోసేది నువ్వు కాదురా అనేటోడు. అందుకే నాలుగింట్లో ఒగదానికి కన్ను పెట్టం. అది పైనుండే దేవుని పని. గుడ్డితనం కాదు చెల్లెమ్మా, అణకువ. ఈ ఊర్లో యా మగ్గంలో ఐనా చూపించు, కన్ను పెట్టని పక్షి అంటే దస్తగిరోళ్ళ ఇంటి గీత అని చెప్తారు. మాకు సంతకం అన్నా అదే."

ఆ క్షణంలో నా వ్యాసం మొత్తం అబద్ధమని నాకు తెలిసిపోయింది. ఇక తెలియదు అనే సాకు నాకు లేదు. ఇది గుర్తుంచుకోండి.

తర్వాత ఆయన తన సంగతి చెప్పాడు. ఊర్లో ఒక దుకాణదారు ఆ పక్షి అంచు తమదేనని, ఇక ఎవరికీ గీసివ్వకూడదని అంటున్నాడట. పెద్దమనుషుల్లో పెడితే, నీదనేదానికి ఏదన్నా ఆధారం తెమ్మన్నారట.

"యాడన్నా అచ్చులో నా పేరుండాలంట. బొమ్మ పక్కన పేరు. మా నాయన పేరు యాడా ల్యా, నాది యాడా ల్యా. నువ్వు పుస్తకం ఏస్తాండావు కదా, అందులో ఒగ ముక్క. దస్తగిరి, ధర్మవరం. అంతే."

"గోడ మీదా, పుస్తకంలోనూ రెండు చోట్లా వేయిస్తాను."

"ఒట్టేనా చెల్లెమ్మా?"

"ఒట్టు" అన్నాను. పన్నెండు కాగితాలు మడత పడకుండా చుట్టి, పాత చీరముక్కలో పెట్టి ఇచ్చాడు.

రైల్లో చదివిన ప్రూఫు

ప్రదర్శన నడిపిన క్యూరేటర్ రోహన్ నాకన్నా పాతికేళ్ళు చిన్నవాడు. తెలివైనవాడు, మర్యాదస్తుడు. నేను దస్తగిరన్న పేరు చెప్పాను. కన్ను సంగతి కూడా చెప్పాను.

"చాలా బాగుంది మేడమ్. కానీ పేరు పెట్టామంటే ఇది చేతిపనుల ప్రదర్శన అయిపోతుంది. పేరు లేకపోతేనే అది ప్రశ్న. మీరే కదా రాశారు?"

నేనే రాశాను. నా మాటతోనే నా నోరు మూశాడు. నిజానికి అతను మూయలేదు, నేనే మూసుకున్నాను. గట్టిగా ఒక్కమాట అని ఉంటే వినేవాడు. అంటే ఏమయ్యేది? ప్రదర్శన పేరు నా వాక్యం. గోడమీద పెద్ద అక్షరాలతో నా వాక్యం. ఆ వాక్యం తప్పు అని నేనే చెప్పాలి.

కేటలాగు చివరి ప్రూఫును హిందూపురం ప్యాసింజర్లో చదివాను. ఇరవై మూడో పేజీలో పక్షుల బొమ్మ. కింద "అజ్ఞాత చిత్రకారుడు, దక్షిణ భారతం" అని ఇంగ్లీషులో ఉంది. చివరి పేజీలో కృతజ్ఞతలు. చీరలు అరువిచ్చిన దుకాణాల పేర్లన్నీ వరసగా ఉన్నాయి, దస్తగిరన్న చెప్పిన దుకాణంతో సహా. పెన్ను నా చేతిలోనే ఉంది. గౌరీబిదనూరు దాటింది. రెండు మాటలు కొట్టేసి రెండు మాటలు రాస్తే సరిపోయేది. ఒక కామా తప్పుంటే దిద్దాను. హిందూపురం వచ్చింది, కాగితాలు సంచిలో పెట్టుకుని దిగాను.

మీకు నేను చెప్పదలచిన అనుభవమంటూ ఉంటే అదే. పెద్ద తప్పులు ఎవరో బలవంతం చేస్తే జరుగుతాయనుకుంటాం. నా చేత ఎవరూ చేయించలేదు. కిటికీ పక్క సీటు, చేతిలో పెన్ను, రెండు గంటల టైము ఇచ్చారు.

గోడ ముందు

ప్రదర్శన మొదలైన మూడో రోజు దస్తగిరన్న, నూర్జహాన్ ఉదయం రైలుకు వచ్చారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పొట్లంలో ధర్మవరం నుంచి కారం బొరుగులు తెచ్చాడు నాకని. తన కాగితాలు అద్దాల వెనక, తెల్లటి గోడ మీద చూసి, ఒక్కోదాని ముందూ ఆగుతూ నడిచాడు.

"ఎంత బాగా పెట్టినారు చెల్లెమ్మా" అని అట్ట దగ్గరికి వంగి, "నూరూ, యాడుండాది? సదువు" అన్నాడు.

నూర్జహాన్ చదివింది. ఆ పిల్లకు ఇంగ్లీషు వచ్చు. ఒకసారి లోపల చదువుకుంది, నా ముఖం చూసింది, మళ్ళీ చదివింది.

"నాయనా, ఎవురు గీసినారో తెలీదని రాసినారు."

"సరిగ్గా సదువు."

"సరిగ్గానే సదివినా నాయనా. పైన పెద్దగా, దీనికి కన్ను కనపడదని రాసినారు. కింద మేడమ్ పేరు ఉండాది."

నేను ఏదో చెప్పాను. ప్రింటు వాళ్ళు, చివరి నిమిషం, మళ్ళీ వేసినప్పుడు. ఆయన వింటూ తల ఊపాడు. కోపం చూపలేదు. కోపపడి ఉంటే ఈ పొద్దుకు నాకు కొంత తేలిగ్గా ఉండేది.

"నాకు కండ్లు బాగనే కనపడ్తాయి మేడమ్" అన్నాడు చివరికి. "పదమ్మా నూరూ, రెండు గంటల రైలుకు పోదాం."

చెల్లెమ్మ అనడం అప్పుడు మానేశాడు.

ఫోన్ వచ్చిన వారం

నెల తిరక్కుండా నూర్జహాన్ ఫోన్ చేసింది.

"మేడమ్, ఆ దుకాణం ఆయప్ప నలుగురి ముందర మీ పుస్తకం తెరిచినాడు. 'చూడండప్పా, బెంగళూరులో సదువుకున్నోళ్ళే రాసుండారు, దీన్ని గీసినోడు ఎవురో తెలీదని. ఎనక మా అంగడి పేరు అచ్చేసినారు. ఇంక ఏం ఆధారం కావల్ల?' అన్నాడు. మా నాయన తలకాయ వంచుకున్నాడు మేడమ్. వచ్చే శనివారం మళ్ళా కూర్చుంటారు. మీరొక్కసారి వచ్చి నోటితో చెప్తే చాలు."

ఆ శుక్రవారం నాకు లిస్బన్ విమానం. అక్కడ నా ప్రసంగం విషయం: మారుమూల ప్రాంతాల గొంతు వినడం ఎలా.

హిందూపురం నుంచి ధర్మవరం ఎంత దూరం పిల్లలూ? రైలెక్కి ఒక కునుకు తీస్తే వస్తుంది. నేను లిస్బన్ పోయాను. ఉత్తరం రాసి పంపుతానని నూర్జహాన్‌కు చెప్పాను. పంపాను కూడా, తిరిగొచ్చాక. అప్పటికి శనివారం అయిపోయింది. పక్షి అంచు దుకాణదారుది అయిపోయింది.

లిస్బన్‌లో చప్పట్లు బాగా కొట్టారు.

తర్వాత

రిటైరయ్యాక దిద్దుకోవాలని చూశాను. వ్యాసం వేసిన పత్రికకు జరిగిందంతా రాశాను. ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటానన్నాను. వాళ్ళు చాలా మర్యాదగా జవాబిచ్చారు. చేసినవారి ఉద్దేశాన్ని బట్టి ఒక కళాఖండం అర్థం నిర్ణయం కాదు, కాబట్టి మీ వ్యాసం విలువ తగ్గదు అని. ఆ మాట తరగతి గదిలో నేనే వందసార్లు చెప్పి ఉంటాను. అంత పనికిమాలినదిగా ఎప్పుడూ వినిపించలేదు.

పోయిన నెల ధర్మవరం పోయాను. అంతవరకు ధైర్యం చాలలేదు. దస్తగిరన్న వాలుబల్ల దగ్గరే ఉన్నాడు. కాగితం మీద తీగలు, మొగ్గలు, కోట అంచు. ఒక్క పక్షి లేదు.

"పక్షులు గీయట్లేదా అన్నా?"

"ఎట్ల గీయల్ల మేడమ్? కన్ను వదిలితే అది అంగడాయప్ప గుర్తు. దొంగతనం చేసినావంటారు. కన్ను పెడితే మా నాయనకు ఏం జవాబు చెప్పల్ల? అందుకే ఇడిసిపెట్టినా. తీగలకు కండ్లు ఉండవు, వాటితో తకరారు ల్యా."

అని చిన్నగా నవ్వాడు. నేను క్షమించమని అడిగాను. పోయేముందు అనుకున్నట్టు గొప్పగా ఏమీ రాలేదు, రెండు ముక్కలు వచ్చాయంతే. ఆయన కుంచె కడుగుతూ విన్నాడు.

"నువ్వు చెడ్డదానివి కాదు మేడమ్. నీకు పని ఎక్కువైంది, మేం గుర్తు రాలా" అన్నాడు. నన్ను ఇంతకన్నా సరిగ్గా అంచనా కట్టినవాళ్ళు లేరు. దీన్ని మన్నింపు అనుకోవద్దు, నేనూ అనుకోలేదు.

అందుకని సింధూ, మీ మేడమ్‌కు ఈ ఉత్తరమే చూపించు. ఆ పాఠం తీసెయ్యమని నేను అడగను, తప్పుతో సహా చెప్పమను. చరణ్, నువ్వు ఏ ఊరి వస్తువు మీద రాసినా, ముందు ఆ వీధిలో అడుగు. జవాబు నీ వ్యాసాన్ని పాడుచేస్తే పాడుకానీ. అప్పుడు కూడా రాయడానికి ఏదో ఒకటి మిగులుతుంది. మిగలకపోతే రాయొద్దు. లోకం ఒక వ్యాసం లేకుండా బతకగలదు.

ఆ రోజు ధర్మవరంలో నేను లేవబోతుంటే నూర్జహాన్ గోడవైపు కంప్యూటర్ దగ్గర పని చేసుకుంటోంది. తెర మీద గడులు, గడుల్లో పక్షులు. ఆ పిల్ల గీస్తోందన్నమాట. తండ్రి వైపు తిరక్కుండానే అడిగింది.

"నాయనా, నాలుగోదానికి కన్ను?"

ఆయన బల్ల మీది నుంచి తల ఎత్తలేదు. "నీ చేతిలో ఉండేది. నువ్వే చూసుకో."

నూర్జహాన్ చేయి మౌస్ మీద ఆగింది. ఇంకో అడుగు ముందుకేసి వంగితే తెర నాకు పూర్తిగా కనిపించేది. ఆ అడుగు వేయలేదు. చెప్పులు వేసుకుని వీధిలోకి వచ్చేశాను. ఆ గడిని నింపిందో, వదిలిందో నాకు తెలియదు. చూసి ఉంటే మళ్ళీ ఏదో ఒకటి రాసేదాన్ని.